బొమ్మ పడితె కోటగిరి

కోటగిరి వచ్చింది అన్నడు. ఎవరో చుట్టం బస్సు దిగి గుమ్మం ముంగటికి వచ్చినట్టు, గంత మామూలుగ. వచ్చిందట. ఎక్కడి నుంచి వచ్చింది, ఎవరు తోలిండ్రు అని అడగబుద్ధయింది గని అడగలె, ఎందుకంటె నాకు తెలుసు. బోధన్ బస్టాండ్ ఎనుక సందుల తన మోటార్ వైండింగ్ షాపుల స్టూలు మీద కూసోని, చేతికి అంటిన వార్నిష్ ప్యాంటుకు తుడుచుకోని, ఫోన్ తీసి, అందుల ఉన్న ఉత్తుత్తి నాణేన్ని బొటనవేలుతోని ఒక్క తోపు తోసి ఉంటడు. బొమ్మ పడితె కోటగిరి, బొరుసు పడితె ఏర్గట్ల. బొమ్మ పడ్డది. పన్నెండేండ్ల సంది కాపురం చేస్తున్న పెండ్లాం రేపటి సంది ఎనిమిదేండ్లు యాడ బతకాలెనో తేల్చనీకి ఆయనకు పట్టిన టైం రెండు సెకండ్లు. నేను సరే అని కూడ అనలె, ఫోన్ పెట్టేసిన. పెట్టేసి చూస్తె నాలుగు దాటి ఐదు నిమిషాలు. టీచర్ల బదిలీలకు ఆప్షన్లు పెట్టుకునేటి వెబ్‌సైట్ ఐదింటికి బంద్ అయితది. అజర్ ఆన్‌లైన్ సెంటర్ల కాలు ఇరిగిన ప్లాస్టిక్ కుర్చీల, ఒళ్ళో సర్వీస్ కాగితాల ఫైలు పెట్టుకోని, నా ముంగట ఇంకిద్దరు టీచర్లు ఉండంగ కూసున్న. గోడకు పాస్‌పోర్ట్ ఫోటోల బోర్డు, కంప్యూటర్ తెర మీద గిర్రున తిరిగే గుండ్రం. ఆ గుండ్రం తిరుగుడు చూస్తె కూడ నాకు మా ఆయన నాణెమే యాదికొస్తున్నది, థూ.

ఎనిమిదేండ్లు ఒక్క బడిల చేసినోళ్ళు కదలాల్సిందే, అది రూలు. నా సీనియారిటీకి దొరికేటివి రెండే రెండు అని యూనియన్ రామ్‌దాస్ సార్ కాగితం మీద గీతలు గీసి, జ్యోతిష్యం చెప్పినట్టు కండ్లు మూసుకోని చెప్పిండు: కోటగిరి, లేకుంటె ఏర్గట్ల. ఏది మొదటి నంబరు పెడితె అదే ఖాయమన్నడు. కోటగిరి అంటె బోధన్ల ఇంట్లనే ఉండి రోజూ పోయి రావచ్చు. ఏర్గట్ల అంటె ఆర్మూర్ దాటి పసుపు పండించే ఊర్లల్ల, జిల్లాకు ఆ కొస. అర్ర కిరాయికి తీసుకోని ఉండాలె, శనివారం వచ్చి సోమవారం పోవాలె. గిది సాంబారుల మునక్కాయ ఎయ్యాల్నా వద్దా అసుంటి ముచ్చట కాదు గదా. పొద్దుగాల తయారయ్యేటప్పుడు అడిగిన, నువ్వేమంటవ్ అని. పెండ్లైన కొత్తల మీరు అనేదాన్ని, ఎప్పుడు నువ్వు అనుడుకు దిగిన్నో యాదికి లేదు, మర్యాద కూడ చెప్పులరిగినట్టు మెల్లగ అరుగుతది. నువ్వేమంటవ్ అంటె గడ్డం గోక్కున్నడు. రెండు కూడ మంచియే అన్నడు. మధ్యాహ్నం దాక చెప్త అన్నడు. ఇగో, చెప్పిండు.

ఏమి మనిషి. ఇంట్ల పొద్దున లేస్తె అదే ఆట. ఉప్మానా అటుకులా, వెయ్యి నాణెం. నీలం అంగీనా గీతలదా, వెయ్యి. ఆదివారం చికెన్ తేవాల్నా, చేపలు తేవాల్నా అని సంచి పట్టుకోని గుమ్మంల నిలవడి ఫోన్ చూసుకునేటోడు. నిజామాబాద్ పోతె సినిమా ముందా, షాపింగ్ ముందా అని రైల్వే గేటు కాడ బండి ఆపి మరీ చూసిండు ఒకసారి, ఎనుక లారోడు హారన్ కొడుతనే ఉన్నడు. మొదట్ల అసలు నాణెమే ఉండె, ఐదు రూపాయల బిళ్ళ, ఎగిరేస్తె చప్పుడన్న అయ్యేది. బిడ్డకు తొట్టెల ఏసిన నాడు పేరు తేల్చనీకి ఎగిరేస్తె అది పోయి మంచం కింద పడ్డది. అందరు చుట్టాలు చూస్తుండంగ, పట్టు పంచె కట్టుకున్న పెద్దమనిషి మంచం కిందికి పాకి, సెల్ లైటు ఏసి చూసి, దుమ్ము తలతోని బయటికొచ్చి మేఘన అన్నడు. నాకు మొదటి సంది మేఘననే ఇష్టం. ఆయనకు కూడ అదే ఇష్టమని తర్వాత తెల్సింది. ఇద్దరికి ఇష్టమైన పేరుకు నాణెం ఎందుకురా నాయనా అంటె, మీ అన్నకు హర్షిత అని ఉండె గదా, నాణెం మీద పెడితె ఎవ్వరికి బాధుండదు అన్నడు. గప్పుడు మంచిగనే అనిపించింది. ఇగ ఫోన్ల నాణెం వచ్చినంక చప్పుడు పోయింది, బరువు పోయింది, మంచం కిందికి దొర్లుడు పోయింది. బంగారు రంగుల మెరుస్తది, దాని మీద ఏ దేశపోడో కిరీటం పెట్టుకున్న దొర మొహం. మా ఇంట్ల కూర ఏం వండాలెనో ఆ దొర చెప్పాలె. మేఘన ఇప్పుడు గురుకులంల ఆరో తరగతి, హాస్టల్ నుంచి ఇంటికొచ్చినప్పుడల్ల బాపు, నాకు ఐస్‌క్రీమా కుల్ఫీయా వెయ్యి అంటది, తండ్రి బిడ్డ ఇద్దరు తలలు దగ్గర పెట్టి ఆ ఫోన్లకు చూస్తరు, నేను వంటింట్ల గిన్నెలు చప్పుడు చేస్త.

మా అత్త ఒకసారి చెప్పింది, వీడు చిన్నప్పుడు గిట్ల లేడు బిడ్డా అని. మామ బాపురావు చెరుకు రైతు, బోధన్ల చక్కెర ఫ్యాక్టరీ నడిచినన్ని రోజులు చెరుకు తప్ప ఇంకొకటి ఎయ్యలె. ఈయనకు పదకొండేండ్లప్పుడు అంగడికి తోలుకపోయి, రెండు ఎడ్లను చూపెట్టి, ఏది కొందాంరా అని నవ్వుకుంట అడిగిండట. ఈయన మచ్చలెద్దును చూపెట్టిండట. ఆ ఏడు చెరుకు బండ్లు తోలే టైంల ఆ ఎద్దు కుంటిదైంది. ఇగ ఆ ఇంట్ల అన్నం మాడినా, కరెంటు పోయినా, వాన పడకున్నా మచ్చలెద్దు పేరెత్తి ఈయనను తిట్టుడే. పెండ్లి చూపులల్ల కూడ మామ ఆ ముచ్చట చెప్పి అందరిని నవ్వించిండు, నేను కూడ నవ్విన. అత్త కండ్లొత్తుకుంట చెప్పింది గని నాకైతె జాలి రాలె. ఎద్దు కుంటిదైతె మనిషి కుంటాల్నా? లోకంల ఎవల తండ్రి తిట్టలె? మా నాయన కూడ తిట్టిండు, నేను డీఎస్సీ రాసి టీచర్నైన. గీ మనిషి మాత్రం నాణేన్ని తిట్టేటోడు ఉండడని నాణెం ఎనుక దాగిండు. నా లెక్క ఇది, పన్నెండేండ్ల సంది ఇదే లెక్క, ఎప్పుడు తప్పు పోలె. మోటార్ల కాడ మాత్రం దాగడు, అది ఒప్పుకోవాలె. కాలిపోయిన బోరు మోటారు తెచ్చి పెడితె వాసన చూసి చెప్తడు యాడ కాలిందో. ఏ తీగె ఎయ్యాలె, ఎన్ని చుట్లు చుట్టాలె అని ఎవ్వర్ని అడగడు, ఫోన్ ముట్టడు. వర్ని అవతల నుంచి కూడ రైతులు ఈయన దగ్గరికే వస్తరు. ఆ సంగతి యాదికొస్తె నేను వేరే ఆలోచన చేస్త. మనిషిని పూరా చులకన చెయ్యాలంటె కొన్ని సంగతులు పక్కకు పెట్టాలె.

మేడమ్, జర సర్వర్ స్లో ఉన్నది, ఫికర్ చెయ్యకుండ్రి, అయితది, అని అజర్ తెర మీద నుంచి కండ్లు తియ్యకుండనే చెప్పిండు. ముప్పై ఏండ్లుంటయో లేవో, బోధన్ల సగం మంది అర్జీలు వీని చేతుల మీదనే పోతయి. నా ముంగటి మేడమ్ ఏడెనిమిది ఊర్ల పేర్లు చీటి మీద రాసుకోనొచ్చి దేవుని ముంగట పెట్టిన పసుపు చీటి లెక్క పట్టుకున్నది. పసుపు అనుకోంగనే ఏర్గట్ల. పంచాయతీ ఎలక్షన్ డ్యూటీకి పోయిన ఒకసారి, జనవరిల. బడిలనే పండుకున్నం. తెల్లారి లేచి బయటికొస్తె ఊరంత ఉడికిన పసుపు వాసన, కళ్ళాలల్ల పచ్చగ ఆరబోసిన కొమ్ములు, వాటి మీద నుంచి పొగమంచు లేస్తున్నది. బడి ముంగట ఇంటామె, పేరు కూడ అడగలె, చాయ్ తెచ్చిచ్చి, బిడ్డా నువ్వేమి తింటవ్, రొట్టెనా అన్నమా అని అడిగింది. రొట్టె అని చెప్పిన. గంతే. అడిగింది, చెప్పిన, పెట్టింది. గంత చిన్న పని నా ఇంట్ల ఎప్పుడన్న అయ్యిందా అని ఆ రొట్టె తినుకుంట అనుకున్న. రెండు రోజులు నన్ను ఎవ్వరు పరేషాన్ చెయ్యలె. గప్పటి సంది ఏర్గట్ల అంటె నాకు ఊరు లెక్క యాదికి రాదు, నా ఒక్కదాని అర్ర లెక్క యాదికొస్తది, తాళం చెవి నా సంచిల ఉన్నట్టు.

మరి అదే పెట్టుకో, ఎవరు వద్దన్నరు. పెట్టుకుంట. ఆయనకు చెప్పి మరీ పెట్టుకుంట. నీ దొర కోటగిరి అన్నడు, నేను ఏర్గట్ల పెట్టిన, ఏం చేసుకుంటవో చేసుకో అంట. నాకు ఆ హక్కు ఉన్నది. ఆ నాణెం నా అమ్మను నాకు కాకుండ చేసింది. గిది ఊరంత తెల్సిన ముచ్చటే, నేనే చెప్పిన అందరికి. ఆరేండ్ల కింద మా అమ్మ రేణుకమ్మ చందూర్ల అన్న దగ్గర ఉండె. అన్న నర్సన్న సాయంత్రం ఫోన్ చేసిండు, అమ్మకు ఆయాసం ఎక్కువున్నది చెల్లె, నిన్ను అడుగుతున్నది అని. బోధన్ నుంచి చందూర్ ఎంత దూరం, బండి మీద గంట కూడ పట్టదు. ఇప్పుడే పోదామా రేపు పొద్దుగాల పోదామా అని ఈయన నాణెం ఏసిండు. రేపు అని పడ్డది. తెల్లారి మేము లేవకముందే అన్న మళ్ళ ఫోన్ చేసిండు. అమ్మ లేదు. అమ్మ పదో దినం నాడు చుట్టాలందరి ముంగట అన్న ఈయన అంగీ పట్టుకోని, నా తల్లి పాణం నీకు ఆటనారా, నాణెం మీద పెట్టినవా అన్నడు. ఈయన తల కిందికేసుకోని నిలవడ్డడు. ఆ వంగిన మెడను చూసి నాకు పుట్టిన అసహ్యం ఇప్పటికి పోలె. ఏదన్న చెప్పుకోవాలె గదా మొగోడైతె. తప్పు చేసినోడు గనుక చెప్పుకోలె అనుకున్నరు అందరు. ఆ నాటి సంది నర్సన్న మా గడప తొక్కలె, ఈయన చందూర్ పోలె. మేఘన పుట్టినరోజులకు కూడ మేనమామ ఫోన్లనే. నేను ఒక్కదాన్నే బస్సెక్కి పోయి వస్త.

చీటి మేడమ్ పని అయిపోయింది. ఇప్పుడు ఇంకొకాయన, లెక్కల సారు, ఎర్రగ ఉంటడు, కోపిష్టి. అజర్ ఏది మొదట పెట్టాలె సార్ అంటె, ఏదో ఒకటి పెట్టవయ్యా, నీకు రోజూ గివే పని గదా, నీకే బాగ తెలుస్తది అన్నడు ఆయన. నాకు లోపల నవ్వొచ్చింది, ఇంకొక నాణెం మనిషి ఈ సారు, లోకమంత గిసుంటోళ్ళే. అజర్ చేతులు కీబోర్డు మీద నుంచి తీసి ఒళ్ళో పెట్టుకున్నడు.

"నేను పెట్టను సార్. నేను పెడితె రేపు మీ ఇంట్ల ఏం జరిగినా అజర్ పెట్టిండు అంటరు. మీరు నోటితోని చెప్పుండ్రి, నేను కొడత."

సారు మొహం మాడ్చుకోని ఏదో ఊరి పేరు చెప్పిండు. అజర్ కొట్టిండు. కీబోర్డు టకటక మళ్ళ మొదలైంది. నాకు మాత్రం ఎవరో గదిల ఫ్యాను బంద్ చేసినట్టయింది. అజర్ పెట్టిండు అంటరు. ఎందుకు గంత గట్టిగ తగలాలె ఆ మాట. మంచి నీళ్ళ సీసా తీసి తాగిన. గోడ మీద ఫోటోలల్ల ఒక ముసలామె అచ్చం అమ్మ లెక్క ఉన్నది, నెత్తి మీద కొంగు, పింఛన్ కోసం దిగిన ఫోటో అయ్యుంటది. ఇప్పుడు అమ్మ ముచ్చట వద్దు. కోటగిరి, ఏర్గట్ల. ఏర్గట్ల, కోటగిరి. ఆ సాయంత్రం ఎవరు నాణెం తెమ్మన్నరు. ఈయన తెచ్చిండు, ఇంకెవరు తెస్తరు. ఈయన అప్పుడు యాడ ఉండె. వాకిట్ల ఉండె. వాకిట్ల ఏం చేస్తుండె. బండి ఉండె ఈయన చేతుల. స్టాండ్ తీసి ఉండె బండికి. వాన మొదలైంది సన్నగ, ఈయన నెత్తికి రుమాలు కట్టుకున్నడు, తాళం చెవి పెట్టి తిప్పిండు, బండి చాలైంది. చాలైంది గదా. నేను వంటింట్ల ఉన్న. బడి నుంచి అప్పుడే వచ్చి, కాళ్ళు కడుక్కోని, పొయ్యి మీద చాయ్ పెట్టుకున్న. తెల్లారి బడిల ఇన్‌స్పెక్షన్, లెసన్ ప్లాన్లు రాసుకునేది ఉండె. అమ్మ ఆ నెలల మూడుసార్లు గిట్లనే పిలిపించింది, పోయిన మూడుసార్లు లేచి కూసోని బీడీ అడిగింది. ఈయన వాకిట్ల నుంచి పిలిచిండు. ఏమన్నడు. పోదాం పా, అన్నడు. పా, వాన పెద్దగయ్యేలోపు పోదాం. నాణెం లేదు ఆయన చేతుల. రెండు చేతులు హ్యాండిల్ మీదనే ఉన్నయి.

నేనే అన్న. గరిటె చేతుల పట్టుకోని గుమ్మంలకొచ్చి, నవ్వుకుంట అన్న, అన్నిటికి ఏస్తవు గదా, దీనికి ఎయ్యవా అని. ఆయనకు సమజ్ కాలె మొదట. ఏంది అన్నడు. వెయ్యి అన్న, బొమ్మ పడితె ఇప్పుడు, బొరుసు పడితె రేపు పొద్దుగాల. ఆయన బండి బంద్ చేసి, తడి చేతులు అంగీకి తుడుచుకోని, ఫోన్ తీసి ఏసిండు. బొమ్మ పడ్డది. ఇప్పుడు అని పడ్డది. దొర ఇప్పుడు అన్నడు. ఆయన తలెత్తి నన్ను చూసిండు, పా మరి అన్నట్టు. నేను ఏమన్న? ఒక్కసారి ఏస్తె యాడ లెక్క, మూడుసార్లు వెయ్యి అన్న. రెండోసారి బొరుసు. మూడోసారి బొరుసు. నేను చాయ్ దగ్గరికి పోయిన. పొంగి సగం పొయ్యిల పడ్డది, మిగిలింది తాగిన. మంచిగ అనిపించింది ఆ చాయ్. గదీ సంగతి. ఇన్‌స్పెక్షన్ కాదు, వాన కాదు, నాకు కాళ్ళు సాపుకోని చాయ్ తాగబుద్ధయింది, గంతే. తెల్లారి అమ్మ పక్కన కూసోని ఏడ్చుకుంట మొదటి మాట నేనే అన్న, ఈయన నాణెం ఏసిండు అన్నా, రేపు అని పడ్డది అని. అబద్ధం ఒక్క అక్షరం లేదు అందుల. పిల్లలకు చెప్త నేను బడిల, సగం నిజం గురించి, నీతి పాఠం, మార్కులు కూడ ఏస్త.

ఆరేండ్లు నాకు యాదికి లేదా ఇది? ఉన్నది. లేదంటె అది ఇంకొక సగం నిజం. ఇంట్ల బీరువా ఎనుక గోడకు చెమ్మ ఉన్నదని ఎట్ల తెలుసో గట్ల తెలుసు, బీరువా జరపలె. ఆయనను ఎంత తక్కువ చేస్తె బీరువా అంత గట్టిగ నిలవడ్డది. ఉప్మాకు తిట్టిన, అంగీకి తిట్టిన, చుట్టాల ముంగట నాణెం మొగుడు అని పేరు పెట్టిన. అమ్మ పోయినంక ఆయన ఒక ఏడాది నాణెం ముట్టలె, ఏం వండాలె అంటె ఏదైనా సరే అనేటోడు. ఏదైనా అంటె ఏంది, నోరు లేదా అని నేనే గదమాయించిన, మళ్ళ మొదలుపెట్టిండు, కూరలకు, అంగీలకు, ఐస్‌క్రీములకు. ఇయ్యాల పొద్దుగాల గడ్డం గోక్కున్నడంటె, పాపం, ఏం చెప్పాలె ఆయన? కోటగిరి అంటె కట్టేసినవ్ అంట నేను, ఏర్గట్ల అంటె తోలేసినవ్ అంట. పాపం అన్న మాట నా లోపల నుంచి వచ్చుడు చూసి నాకే రోత పుట్టింది. పన్నెండేండ్లు ఆయన మీద ఏసిన ఉమ్మి ఇప్పుడు మొహం మీద పడ్డంక పాపమట.

మేడమ్, రాండ్రి, మీదే, అన్నడు అజర్. గోడ గడియారం నాలుగు నలభై ఆరు. రెండు నిమిషాలు బేటా, అని ఫైలు ఆ కుర్చీలనే పెట్టి బయటికొచ్చిన. షట్టర్ పక్కన నీడ ఉన్నది. నిజామాబాద్ బస్సు తిరుగుతున్నది, కండక్టర్ ఎడపల్లి ఎడపల్లి అని కేకేస్తున్నడు. రెండుసార్లు తప్పు నంబరు నొక్కిన. ఆయన ఎత్తిండు, ఎనుక ఏదో మోటారు పరీక్షకు పెట్టినట్టున్నడు, గుర్రుమంటున్నది.

"పెట్టినవా?" అన్నడు.

"పెట్టలె. ఒక్కటి అడుగుత, చెప్పు. అమ్మ పోయే ముందు రోజు, మొదటిసారి ఏం పడ్డది?"

మోటారు చప్పుడు ఆగిపోయింది. బంద్ చేసిండన్న మాట. బస్సు స్టాండ్ దాటి పోయింది.

"ఇప్పుడెందుకు గది," అన్నడు.

"చెప్పు."

"బొమ్మ."

"మా అన్న అంగీ పట్టుకున్ననాడు ఎందుకు చెప్పలె మరి?"

"నువ్వు చెప్తవనుకున్న," అన్నడు. కోపం లేదు ఆ గొంతుల, ఏ తీగె కాలిందో రైతుకు చెప్పినట్టు చెప్పిండు. "అప్పుడు కాకున్నా ఇంటికొచ్చినంక చెప్తవనుకున్న. ఇగ నువ్వు చెప్పకపోతివి. నేను చెప్తె నీకు తల్లిగారిల్లు లేకుండ పోతది గదా అని ఊకున్న."

నేను షట్టర్‌ను పట్టుకున్న, ఎండకు కాలి ఉన్నది, అయినా విడువలె. ఏదన్న అనాలె. తప్పైంది అంటరు లోకంల. ఆ మాట నేను పిల్లలతోని రోజుకు ఇరవైసార్లు చెప్పిస్త, నా నోటికి రాలె. వచ్చింది ఇంకొకటి.

"నీకేం కావాలె? ఫోన్‌ను అడగకు. నీకు ఏది కావాలెనో చెప్పు."

"ఫోన్ల నీతోనే మాట్లాడుతున్న, నాణెం యాడ ఏస్త," అన్నడు. నవ్విండా? తర్వాత మెల్లగ అన్నడు, కోటగిరి అని. నువ్వు ఇంట్ల ఉంటె ఇల్లు లెక్క ఉంటదన్నడు. తిట్టినా సరే అన్నడు.

ఆయన నోటితోని కావాలె అన్న మాట నేను వినుడు అదే మొదలు, అంగడిల మచ్చలెద్దును చూపెట్టిన పిలగానికి పదకొండేండ్లు, ఈ మనిషికి నలభై మూడు. ఏం చెయ్యాలె నేను. గింత విన్నంక కోటగిరి పెడితె నేను మంచిదాన్నయిపోత, లెక్క బరాబర్, రేపటి సంది ఉప్మా చేసి పెట్టి గొప్పగ చూసుకుంట, నెల రోజులల్ల మళ్ళ ఆయన అంగీ మీద పడత. నా సంగతి నాకు తెల్సిపోయింది ఇప్పుడు. తిట్టనీకి పక్కన మనిషి ఉన్నన్ని రోజులు నేను బీరువా జరపను. అదొక్కటే కూడ కాదు, నిజం చెప్పాలంటె పూరా చెప్పాలె, నాకు ఆ ఊరు కావాలె. అమ్మ మీద ఒట్టు, నాకు కావాలె. దొర ఏసిన కోటగిరిని కాదనుడు అల్కగ ఉండె. ఈ మనిషి అడిగిన కోటగిరిని కాదనుడు అల్కగ లేదు.

"నేను ఏర్గట్ల పెడుతున్న," అన్న. "నీ మీద కోపంతోని కాదు. నాకు కావాలె."

సరే అన్నడు. సరే అని ఫోన్ పెట్టెయ్యలె, అర్ర చూసుకునేటప్పుడు నన్ను పిలువు, వైరింగ్ ఎట్లున్నదో చూడాలె, పాత ఇండ్లు ఉంటయి అటు, అన్నడు. గొంతు మాత్రం మంచిగ లేదు. నన్ను మళ్ళ ఆలోచించుకో అంటడేమో అని చూసిన, అనలె. నేను కూడ మెత్తగ ఏం చెప్పలె. సరే పిలుస్త అన్న.

లోపలికి పోయి కూసున్న. అజర్ తెర నా దిక్కు తిప్పిండు. మొదటిది చెప్పుండ్రి మేడమ్ అన్నడు. ఏర్గట్ల అన్న. రెండోది? కోటగిరి. ఒకసారి చూసుకోండ్రి, ఫ్రీజ్ చేసినంక మార్చరాదు అన్నడు. ఏమో, ఒక్క క్షణం వేలు చూపెట్టిన, వద్దు ఆగు అనబోయిన, చాయ్ పొంగుతున్న చప్పుడు చెవులల్ల వినపడ్డది. చెయ్యి కిందికి దించిన. కొట్టు అన్న. కొట్టిండు. గుండ్రం తిరిగింది, తిరిగింది, నాలుగు యాభై నాలుగుకు పచ్చ అక్షరాలొచ్చినయి. కాగితం ప్రింట్ తీసి చేతిల పెట్టిండు, వెచ్చగ ఉన్నది. నా ఎనుక ఎవరు లేరు. ఇరవై రోజులల్ల ఆర్డర్ వస్తదట, వచ్చేది ఏర్గట్లనే, రామ్‌దాస్ సార్ గీతలు ఎప్పుడు తప్పు పోవు.

బయట అదే షట్టర్ పక్కన నిలవడి నర్సన్నకు ఫోన్ చేసిన. ఇప్పుడు చెయ్యకుంటె ఇంటికి పోత, కాళ్ళు సాపుకుంట, చాయ్ పెట్టుకుంట, నా సంగతి నాకు ఎరుకే. అన్న పొలం కాడ ఉన్నట్టున్నడు, గాలి కొడుతున్నది. ఏం చెల్లె, ఆప్షన్ పెట్టినవా అని అడిగిండు. పెట్టిన అన్నా, అమ్మ ముచ్చట ఒకటి ఉన్నది, ఆపకుండ విను అన్న. చెప్పిన. బండి చాలైన సంగతి, గరిటె సంగతి, బొమ్మ సంగతి, మూడుసార్లు వెయ్యి అన్న సంగతి. చాయ్ సంగతి చెప్పకుండ దాటేద్దామని చూసిన, అది కూడ చెప్పిన. ఏడుపు రాలె. ఏడిస్తె అన్న కరుగుతడని తెలుసు, గందుకే రానియ్యలె.

అవతల గాలి ఒక్కటే. తిట్టు అన్నా అని లోపల అనుకుంటున్న, తిడితె జర నయం. చివరికి అడిగిండు.

"బావ యాడున్నడు?"

"షాపుల."

"పెట్టెయ్యి," అన్నడు. "ఆయనకు చెయ్యాలె."

ఫోన్ కట్టయింది. నాకు ఒక్క మాట లేదు, మంచిది లేదు, చెడ్డది లేదు. నిజామాబాద్ పోయేది ఇంకొక బస్సు వచ్చి నిలవడ్డది, మనుషులు తోసుకుంట ఎక్కుతున్నరు. మా ఆయన, మల్లికార్జున్, మోటారు విప్పి కూసుంటె ఫోన్ మోగినా చూడడు, చేతులు వార్నిష్‌ల ఉంటయి. ఎత్తు, అనుకుంట అక్కడనే నిలవడ్డ. ఒక నిమిషం ఆగి ఆయన నంబరు కొట్టి చూసిన. ఇంకొకరితోని మాట్లాడుతున్నరు, అని ఫోన్ల ఆడగొంతు చెప్పింది.